పేజీ జారాలి, గెంతకూడదు

నాది రోజంతా తెర మీద తెలుగు చదివే పని. ప్రూఫులు దిద్దుతాను. కథల పుస్తకాలు, సావనీర్లు, కాలేజీ సంచికలు, సంస్థల వార్షిక నివేదికలు, ఏది వస్తే అది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ ఒక విషయంలో మాత్రం గట్టి అభిప్రాయానికి వచ్చాను. ఎక్కువసేపు చదివేవాళ్లు పేజీని మౌసుతో దింపుకోకూడదు, కీబోర్డుతో దింపుకోవాలి. అది కూడా టక్కున గెంతకుండా, మెత్తగా జారేలా అమర్చుకుని.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. సముద్రం దగ్గరే. ఏప్రిల్ వచ్చిందంటే ఉక్కపోత ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్యాన్ కింద కూర్చున్నా వేళ్ల చివర చెమ్మ ఆరదు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ వేలి స్పర్శని విద్యుత్తు మార్పుని బట్టి గుర్తిస్తుంది కాబట్టి చెమట పట్టిన వేలితో దానికి పేచీయే. రెండు వేళ్లతో కిందికి లాగితే ఒకసారి కదలదు, ఇంకోసారి రెండు పేరాలు దాటేస్తుంది. మౌసు చక్రం కొత్తలో బాగానే ఉంటుంది. అరిగాక కిందికి తిప్పుతుంటే మధ్యలో పైకి ఒక తడబాటు. కిటికీ చువ్వలే తుప్పు పట్టే గాలిలో సున్నితమైన చక్రాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. కీకి ఆ గొడవ లేదు. నొక్కితే ఒక అడుగు, ఎప్పుడు నొక్కినా అంతే అడుగు.

ఆ అడుగుల సంగతి చెప్తాను. బ్రౌజర్‌లో పేజీ తెరిచి స్పేస్ నొక్కితే దాదాపు ఒక తెరంత కిందికి వెళ్తుంది. షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే అంతే పైకి. పేజ్ డౌన్, పేజ్ అప్ చేసేదీ అదే. కింది బాణం కొద్దిగానే జరుపుతుంది. హోమ్ నొక్కితే మొదలుకి, ఎండ్ నొక్కితే చివరికి. ఇవి చాలామందికి తెలుసు. వాళ్లు పట్టించుకోనిది ‘దాదాపు’ అన్న మాట. స్పేస్ ఎప్పుడూ పూర్తి తెర దింపదు, కొంచెం తక్కువే దింపుతుంది. క్రోమ్‌లో ఆ అడుగు తెర ఎత్తులో 87.5 శాతం. అంటే ఇందాక అడుగున చూసిన రెండు మూడు లైన్లు ఇప్పుడు పైన మళ్లీ కనిపిస్తాయి.

తెలుగుకి ఈ మిగులు ఎంత అవసరమో చెప్పాలంటే తెర అడుగు అంచుని దగ్గరగా చూడాలి. అంచు లైను మధ్యలో కూడా తెగుతుంది. ఇంగ్లిష్ లైను కాస్త తెగినా మాట పోల్చుకోవచ్చు, ఎందుకంటే అక్షరాల కింద వేలాడేవి తక్కువ. మనకి ఒత్తులన్నీ కిందే ఉంటాయి. అంచు సరిగ్గా ఒత్తుల దగ్గర కోసిందంటే పైన మిగిలినది కూడా నిక్షేపంలాంటి తెలుగు మాటే. పత్తి కాస్తా పతి అవుతుంది. కల్ల కల అవుతుంది. మల్లి మలి అవుతుంది. తప్పు వెతకడమే పనైన నా కన్ను అక్కడ ఆగి, “ఒత్తు పోయింది” అని గుర్తు పెట్టబోతుంది. మిగులు లైన్లు ఉంటే ఆ లైనే పైకి వచ్చి ఒత్తులతో సహా నిండుగా కనిపిస్తుంది. లేకపోతే వెనక్కి వెళ్లి చూసుకోవాలి. పైగా ఒత్తులకీ గుడులకీ చోటు కావాలి కనుక తెలుగు లైన్ల మధ్య ఎడం ఎక్కువ పెడతాం. ఒక తెరలో పట్టే లైన్లు తగ్గుతాయి. అదే వ్యాసానికి స్పేస్ ఎక్కువసార్లు నొక్కాల్సి వస్తుంది. కాబట్టి ప్రతి అడుగూ సాఫీగా పడటం మనకి ఇంకా ముఖ్యం.

ఇక మెత్తదనం. చాలామంది దీన్ని అలంకారం అనుకుంటారు. “యానిమేషన్లన్నీ తీసేస్తే సిస్టం స్పీడు పెరుగుతుంది” అని సలహా ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. పాత కంప్యూటర్లో నిజంగానే కొంత తేడా ఉండొచ్చు. కానీ చదివేవాడి కన్ను చేసే పని వేరు. స్పేస్ నొక్కిన క్షణంలో నేను చదువుతున్న లైను అడుగు నుంచి పైకి పోవాలి. అది కదులుతూ పోతే కన్ను దానితోపాటే పైకి వెళ్లి, అది ఆగిన చోట ఆగి, పక్క లైను అందుకుంటుంది. చటుక్కున మారితే ముందు తెరకీ ఈ తెరకీ సంబంధం తెగిపోతుంది. ఎక్కడ ఆపానో తెర పైభాగంలో వెతుక్కోవాలి. ఆ వెతుకులాట అర క్షణమే అయినా పుస్తకమంతా అదే పనైతే సాయంత్రానికి కళ్లు మండుతాయి. నాకు ప్రూఫులు నేర్పిన పెద్దాయన కాగితం మీద చదివేటప్పుడు లైను కింద ఫుట్ స్కేలు ఆనించి, లైను లైనుకీ దాన్ని దింపేవారు. ఎత్తి పెట్టేవారు కాదు, జరిపేవారు. తెర మీద మెత్తగా జారే పేజీ నాకు ఆ స్కేలులాగే పనికొస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లోనే, అంటే కంప్యూటరుకి తగిలించే తెరా కీబోర్డూ ఉన్న పరికరంలోనే, రెండు రకాలు ఉండేవి. ఒకటి జంప్ స్క్రోల్, రెండోది స్మూత్ స్క్రోల్. రెండోది ఎంచుకుంటే లైన్లు సెకనుకి ఆరుకి మించకుండా మెల్లగా పైకి జారేవి. కంప్యూటరు అంతకంటే వేగంగా పంపగలిగినా మనిషి చదవగలిగే వేగానికి టెర్మినల్ దాన్ని ఆపేది. ఆ రోజుల్లో కంప్యూటర్ మెమరీ, విడిభాగాలు ఎంత ఖరీదో తలచుకుంటే, చదివేవాడి కంటి కోసం ఆ ఇంజనీర్లు అంత శ్రమ పడటం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. స్పేస్ నొక్కితే తర్వాతి తెర రావడం కూడా దాదాపు అప్పటిదే. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం రాసిన ‘మోర్’ అనే చిన్న ప్రోగ్రాములో స్పేస్‌కి అదే పని.

ఇప్పటి బ్రౌజర్ చేసేదేమిటంటే, స్పేస్ నొక్కగానే ఎంత దూరం జరగాలో లెక్కగట్టి, ఆ దూరాన్ని చిన్న చిన్న ముక్కలుగా తెర మీద గీస్తుంది. మామూలు తెర సెకనుకి 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో ముక్కకి పదహారున్నర మిల్లీసెకన్లకి కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది. మొదట వేగంగా, చివర నెమ్మదిగా వచ్చి ఆగుతుంది. ఆ చివరి నెమ్మదే కంటికి సుఖం.

మీ బ్రౌజర్‌లో పేజీ గెంతుతుంటే ముందు బ్రౌజర్‌ని అనుమానించకండి. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో విజువల్ ఎఫెక్ట్స్, అందులో యానిమేషన్ ఎఫెక్ట్స్ చూడండి. అది ఆపి ఉంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ “ఈ మనిషికి కదలిక వద్దట” అనుకుని జారుడు మానేస్తాయి. కదిలే బొమ్మలకి తల తిరిగేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది, ఉండాల్సిందే. కానీ మనం కోరకుండానే ఎవరో ఆపేస్తుంటారు. నా ల్యాప్‌టాప్ ఒకసారి రిపేరుకి ఇచ్చి తెచ్చుకుంటే పేజీలన్నీ గెంతడం మొదలైంది. ద్వారకానగర్ వైపు ఒక దుకాణం, కుర్రాడు మంచివాడే, వేగం పెరుగుతుందని అడక్కుండా అన్నీ ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’లో పెట్టేశాడు. దానితో తెర మీది విండోల్లోపలి కదలికలూ పోయాయి. తిరిగి పెట్టుకున్నాక గానీ నా పని గాడిన పడలేదు.

రెండో అమరిక కీ పట్టుకుని ఉంచేవాళ్లకి. కింది బాణం నొక్కి పట్టుకుంటే పేజీ ఒక అడుగు వేసి, ఒక్క క్షణం ఆగి, తర్వాత పరుగెడుతుంది. మధ్యలో ఆ ఆగడం బ్రౌజర్ తప్పు కాదు. కీ నిజంగానే పట్టుకుని ఉన్నారా, పొరపాటున తగిలిందా అని విండోస్ చూసుకునే వ్యవధి అది. కంట్రోల్ ప్యానెల్‌లో కీబోర్డ్ తెరిస్తే రిపీట్ డిలే, రిపీట్ రేట్ అని రెండు జారుడు పట్టీలు ఉంటాయి. డిలేని షార్ట్ వైపుకి లాగేస్తే ఆ కుదుపు దాదాపు పోతుంది. నేను బాణం పట్టుకుని చదవను, స్పేస్ మనిషిని. కానీ పాత పుస్తకాల స్కాన్ ప్రతులు చూసేటప్పుడు మాత్రం బాణమే మేలు. స్కాన్ పేజీ కొలత తెర కొలతకి ఎప్పుడూ కుదరదు, స్పేస్ కొట్టుకుంటూ పోతే ప్రతిసారీ పేజీ ఏదో ఒక చోట తెగుతుంది.

మా కింది వాటాలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉంటారు. చెయ్యి వణుకుతుంది. పేపరు ఇంటర్నెట్‌లో చదవడం అలవాటు చేసుకున్నారు గానీ మౌసుతో యాతన పడేవారు. చక్రం తిప్పబోతే క్లిక్ అయి ఏదో ప్రకటన తెరుచుకునేది.

“అమ్మా, ఒకసారి కిందకి వస్తావా? చదువుతున్న వార్త మళ్లీ ఎటో పోయింది.”

“మాస్టారూ, ఆ మౌసు అవతల పెట్టేయండి. ఈ పొడుగు బటన్ ఒక్కటే నొక్కండి.”

నొక్కారు. చెయ్యి వణికి రెండుసార్లు పడింది. వార్త ఒకేసారి రెండు తెరలు దిగిపోయింది. ఆయన నా వైపు చూశారు. “ఇది మౌసు కన్నా నయమే గానీ, నా చెయ్యి ఒకటి అంటే ఇది రెండు అంటోందమ్మా.”

దీనికి విండోస్‌లో పాతకాలం నుంచీ మందు ఉంది. ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే అడుగుతుంది, లేదా సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర ఆన్ చేసుకోవచ్చు. వెంటవెంటనే పడిన రెండో నొక్కుని లెక్కలోకి తీసుకోకుండా చేస్తుంది. ఎంత వ్యవధిలో పడితే వదిలేయాలో మనమే పెట్టుకోవచ్చు. మాస్టారి చేతికి సరిపడేలా పెట్టడానికి కొంచెం సేపు ఆయన పక్కన కూర్చుని మార్చి మార్చి చూశాను. వ్యవధి మరీ ఎక్కువైతే కావాలని నొక్కినది కూడా పోతుంది, మరీ తక్కువైతే వణుకు దూరిపోతుంది. కుదిరాక ఆయన సంపాదకీయం మొదటి నుంచి చివరి దాకా ఎవరినీ పిలవకుండా చదివారు. ఇప్పుడు మా వీధిలో మిగతా పెద్దవాళ్లకి ఆయనే చెప్తున్నారు, పొడుగు బటన్ గురించి.

విమియం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కంప్యూటర్ కుర్రాళ్లు ముందు అదే చెప్తారు. అది బ్రౌజర్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. జె నొక్కితే కిందికి, కె నొక్కితే పైకి, డి నొక్కితే అర తెర కిందికి, యు నొక్కితే అర తెర పైకి. యూనిక్స్‌లో ఫైళ్లు రాసుకునే వీఐ ఎడిటర్ నుంచి వచ్చిన అలవాటు. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ దాన్ని రాసిన టెర్మినల్ మీద హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణాలు అచ్చేసి ఉండేవి. అర తెర అడుగు నాకు చాలా నచ్చింది, చదువుతున్న లైను కళ్ల ముందు నుంచి పోదు. కానీ తెలుగు టైపు చేసేవాళ్లకి ఇందులో ఒక చిక్కు ఉంది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో కొడతాను. అందులో జె ఉన్న చోట ర, కె ఉన్న చోట క, డి ఉన్న చోట పొల్లు. కీబోర్డు తెలుగులో ఉండగా జె నొక్కితే బ్రౌజర్‌కి చేరేది ర. పేజీ కదలదు. విమియం సెట్టింగుల్లో కీబోర్డు లేఅవుట్‌ని పట్టించుకోవద్దనే ఐచ్ఛికం ఉంది, అది టిక్ పెట్టుకుంటేనే మనకి పనికొస్తుంది. స్పేస్, బాణాలు, పేజ్ డౌన్ మాత్రం ఏ భాషలో ఉన్నా ఒకేలా పనిచేస్తాయి. రోజుకి ఎన్నోసార్లు తెలుగుకీ ఇంగ్లిష్‌కీ మారే నాలాంటివాళ్లకి అందుకే అవే ఆధారం.

ఇక వెబ్‌సైట్లు కట్టేవాళ్లతో నాకున్న పేచీ. పేజీ పైన ఎప్పుడూ కదలకుండా ఉండే పట్టీ పెడతారు కదా, పేరూ మెనూ ఉండేది. నేను స్పేస్ నొక్కితే పైకి రావాల్సిన మిగులు లైన్లు ఆ పట్టీ కిందికి దూరిపోతాయి. కంటికి కొనసాగింపు ఇవ్వడానికే ఉన్న లైన్లని అడ్డంగా కప్పేస్తున్నారు. పోనీ పట్టీ కింద సగం లైను కనిపిస్తుందా అంటే దాని గుడులూ తలకట్లూ పోయి ఉంటాయి. కింద ఒత్తులు కోసేది తెర అంచు, పైన గుడులు కోసేది ఈ పట్టీ. వెబ్‌పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్‌ఎస్‌లో స్క్రోల్ ప్యాడింగ్ టాప్ అనే లక్షణం దీనికోసమే ఉంది. పట్టీ ఎత్తెంతో చెప్తే, పేజీ దింపేటప్పుడు అంత చోటు వదలాలని ప్రమాణం చెప్తుంది. ఒక్క లైను రాయడమే. అది కూడా వద్దనుకుంటే పట్టీని మామూలుగా పైకి పోనివ్వండి. వ్యాసం చదువుతున్నవాడికి మీ మెనూతో పని లేదు.

ఇంకా ఘోరం, పేజీలో పేజీ. వ్యాసాన్ని ఒక లోపలి పెట్టెలో పెడతారు. స్పేస్ నొక్కితే ఏమీ కాదు, ఎందుకంటే మన నొక్కు బయటి పేజీకి వెళ్తోంది, దానికి కదిలే చోటు లేదు. అంతకు ముందు పెట్టె మీద మౌసుతో క్లిక్ చేసి తీరాలి. 2024లో వచ్చిన క్రోమ్ 130 నుంచి ఇది కొంత మెరుగైంది, ట్యాబ్ కొడుతూ వెళ్తే అలాంటి పెట్టె మీద ఆగుతుంది, అప్పుడు బాణాలు పనిచేస్తాయి. అడ్రస్ బార్‌లో ఇరుక్కున్నప్పుడైతే ఎఫ్6 నొక్కి పేజీలోకి రావచ్చు. అయినా చదవడానికి పెట్టిన పేజీలో ఇన్ని తాళాలు దేనికి? మౌసు పట్టలేనివాళ్లు మాస్టారిలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. కీబోర్డుతో అన్నీ చేయగలగాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2008 నుంచీ చెప్తూనే ఉన్నాయి. స్పేస్ కీని వేరే పనికి మళ్లించిన వార్తా సైటు కనిపిస్తే ఆ రోజుకి నేను వేరే సైటుకి వెళ్లిపోతాను.

పీడీఎఫ్‌లలో నాకు ఇష్టమైనది తనంతట తాను జారడం. అడోబీ రీడర్‌లో కంట్రోల్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే పేజీ మెల్లగా పైకి నడవడం మొదలుపెడుతుంది. అంకెలు నొక్కి వేగం మార్చుకోవచ్చు. లినక్స్‌లో ఓక్యులర్ వాడేవాళ్లకి షిఫ్ట్, కింది బాణం. మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది, షిఫ్ట్, పై బాణంతో తగ్గుతుంది. మొదటిసారి దిద్దేటప్పుడు ఇది పనికిరాదు, ప్రతి తప్పు దగ్గరా ఆగాలి కదా. దిద్దినవన్నీ ఎక్కాయో లేదో చూసుకునే ఆఖరి చదువుకి మాత్రం దీన్ని మించింది లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, పైకి చదువుకుంటూ కూర్చుంటాను. వాక్యం నడక తేడాగా ఉంటే చెవికి తెలుస్తుంది, కంటికి దాటిపోయినదైనా. రాత్రి బీచ్ రోడ్డు మీద బండ్లు తగ్గాక ఈ పని పెట్టుకుంటాను.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ఒక ఆఖరి సంగతి, ఎందుకంటే జారే వేగాన్ని మన ఇష్టానికి పెట్టుకునే వీలు అందులో నాకు దొరికింది. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, కాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. హెచ్చరిక వస్తుంది, సరే అనండి. వెతికే పెట్టెలో స్మూత్‌స్క్రోల్ అని కలిపి కొడితే ఒక వరస వస్తుంది. అందులో పేజెస్ అన్న మాటతోపాటు డ్యూరేషన్ మిన్, డ్యూరేషన్ మ్యాక్స్ అని ఉన్న రెండు చూడండి. స్పేస్, పేజ్ డౌన్ ఎంతసేపు జారాలో మిల్లీసెకన్లలో చెప్పేవి అవే. నేను రెండింటికీ 350 పెట్టుకున్నాను. తెలుగు పేజీలకి నా కంటికి అది కుదిరింది. 200 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లండి, లైనుతోపాటు కన్ను పైకి వెళ్లగలిగిన చోట ఆగండి. వరసలో మిగతావాటిని ముట్టుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్లో పెడుతుంటే మాత్రం వాళ్లనే కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్లు రోజూ చదివే పేజీ తెరిచి, వాళ్ల వేలితోనే నొక్కిస్తూ పెట్టండి.